మెదడుకు మంచిదని అమ్మే యాంటీఆక్సిడెంట్ మాత్రలు: అనంతపురం మందుల షాపుల్లో ఏది తీసుకోవాలి, ఏది వదిలేయాలి

అనంతపురం సుభాష్ రోడ్డులో గానీ, కడప ఏడురోడ్ల దగ్గర గానీ, కర్నూలు పాతబస్టాండు పక్కన గానీ ఏ మందుల షాపుకు పోయినా కౌంటరు వెనక ఒక అర మొత్తం వీటిదే. మెరిసే అట్టపెట్టెలు, వాటి మీద మెదడు బొమ్మ, "మెమరీ", "న్యూరో", "బ్రెయిన్" అనే మాటలు. "మా జేజి అన్నీ మర్సిపోతాంది, మంచి మాత్ర ఏదన్నా ఇయ్యన్నా" అంటే చాలు, షాపాయన చేయి ఆ అర మీదికే పోతుంది. అల్జీమర్స్ (మతిమరుపు జబ్బు), పార్కిన్సన్స్ (వణుకు జబ్బు), మోటార్ న్యూరాన్ జబ్బు (కండరాలను ఆడించే నరాలు చచ్చిపోయేది) ఉన్న ఇళ్లలో నెలనెలా వీటికి పోసే డబ్బు తక్కువేమీ కాదు. అందుకే ఒక్క బ్రాండును పట్టుకోకుండా ఆ అరనంతా ఇక్కడ రివ్యూ చేస్తున్నాం. లోపల ఏముంది, ఎంతుంది, మనుషుల మీద పరీక్షించినప్పుడు ఏం తేలింది, ఏ మందుతో కలిస్తే చెడుతుంది అన్నవే చూస్తాం.

తీర్పు ముందే చెప్పేస్తాం. ఆ అరలో డాక్టరును అడిగి వాడదగ్గది ఒక్కటే: మామూలు విటమిన్ ఇ గుళిక. అదీ అల్జీమర్స్ అని తేలాక, కొందరికే. మిగతావాటిలో చాలావరకు డబ్బు దండగ. కొన్ని దండగతో ఆగవు, రోగి వాడుతున్న అసలు మందునే దెబ్బతీస్తాయి.

అమ్మేవాళ్లు చెప్పేదాంట్లో నిజమెంత

వాళ్లు చెప్పేది ఇది: ఆక్సిజన్ నుంచి పుట్టే చురుకైన అణువులు మెదడు కణాలను చెడగొడతాయి (దీన్నే ఆక్సిడేషన్ అంటారు), దాన్ని అడ్డుకునే పదార్థం, అంటే యాంటీఆక్సిడెంట్, మింగితే ఆ చెడు ఆగుతుంది. ఇందులో మొదటి సగం నిజమే. శరీరం బరువులో మెదడు 2 శాతమే, కానీ మనం పీల్చే ఆక్సిజన్‌లో దాదాపు 20 శాతం అదే వాడుకుంటుంది. కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాల నుంచి ఆ ఆక్సిజన్‌లో కొంత సూపర్ఆక్సైడ్‌గా బయటికి జారుతుంది. ఎస్ఓడీ అనే ఎంజైమ్ దాన్ని హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా మారుస్తుంది. కణం తనకు తానే తయారుచేసుకునే గ్లూటాథియోన్ అనే రక్షణ పదార్థం సాయంతో పనిచేసే ఇంకో ఎంజైమ్ ఆ పెరాక్సైడ్‌ను నీళ్లుగా మార్చేస్తుంది. ఈ రెండో మెట్టు దగ్గర ఆలస్యమై, పక్కన విడి ఇనుము ఉంటే, పెరాక్సైడ్ కాస్తా హైడ్రాక్సిల్ రాడికల్ (ఫ్రీ రాడికల్ అనే అతి చురుకైన అణువుల్లో ఒకటి) అవుతుంది. అది పుట్టిన చోటే, పక్కనున్న కొవ్వునో ప్రొటీన్‌నో డీఎన్ఏనో క్షణంలో చెడగొడుతుంది. మెదడు పొరల్లో సులువుగా ఆక్సిడైజ్ అయ్యే డీహెచ్ఏ లాంటి కొవ్వులు ఎక్కువ. పార్కిన్సన్స్‌లో దెబ్బతినే సబ్‌స్టాన్షియా నైగ్రా అనే భాగంలో ఇనుమూ ఎక్కువే. పైగా అక్కడ, కదలికలను నడిపే డోపమిన్ అనే రసాయనం విరిగే ప్రతిసారీ పెరాక్సైడ్ పుడుతుంది. పార్కిన్సన్స్‌తో చనిపోయినవాళ్ల మెదళ్లను పరీక్షిస్తే ఆ భాగంలో గ్లూటాథియోన్ తగ్గి కనిపించింది. అల్జీమర్స్ మెదళ్లలో ఆక్సిడైజ్ అయిన కొవ్వుల గుర్తులు కనిపించాయి.

చిక్కంతా రెండో సగంలో ఉంది. ఆక్సిడేషన్ జరుగుతోంది కాబట్టి యాంటీఆక్సిడెంట్ మింగితే ఆగుతుందన్న వాదన వినడానికి బాగుంది గానీ, మనుషుల మీద నిలబడలేదు. ఎందుకంటే మింగిన పదార్థం పేగు దాటాలి, కాలేయం దాటాలి, ఆపైన రక్తానికీ మెదడుకూ మధ్యనున్న గట్టి గోడ దాటాలి. దాటినా, హైడ్రాక్సిల్ రాడికల్ పుట్టిన చోటే పని ముగించేస్తుంది కాబట్టి దాన్ని దారిలో అడ్డుకునే వ్యవధి ఏ మాత్రకూ ఉండదు. అన్నిటికంటే పెద్ద చిక్కు ఆలస్యం. చేయి వణికి డాక్టరు దగ్గరికి పోయేసరికే నైగ్రాలో డోపమిన్ కణాలు పెద్ద ఎత్తున పోయి ఉంటాయి. అల్జీమర్స్‌లో అమిలాయిడ్ అనే ప్రొటీన్ మెదడులో పేరుకోవడం మతిమరుపు కనిపించడానికి ఏళ్ల ముందే మొదలవుతుంది. ఆక్సిడేషన్ ఆ గొలుసులో ఒక లింకు మాత్రమే. అది కారణమైన చోట కొంత, ఫలితమైన చోట కొంత.

విటమిన్ ఇ 400: ఎవరికి, ఎంత, ఎందుకు జాగ్రత్త

దీనికి మన జిల్లాల్లో ఎవియాన్ అన్న పేరే వాడుకైపోయింది. ఏ కంపెనీదైనా లోపలుండేది దాదాపు ఒకటే, టోకోఫెరిల్ అసిటేట్ 400 మి.గ్రా. కృత్రిమ రకంలో 1 మి.గ్రా. అంటే 1 ఐయూ (విటమిన్ బలాన్ని కొలిచే అంతర్జాతీయ యూనిట్), కాబట్టి ఇది 400 ఐయూ. "సహజ విటమిన్ ఇ" అని రాసి ఎక్కువ ధరకు అమ్మే డి-ఆల్ఫా రకంలో 1 మి.గ్రా.కు సుమారు 1.49 ఐయూ వస్తుంది. పెట్టె మీద మి.గ్రా. రాశారా, ఐయూ రాశారా చూసుకోకపోతే డోసు లెక్క తప్పుతుంది.

దీనికున్నంత పరీక్షల చరిత్ర ఆ అరలో వేరే దేనికీ లేదు. 1993లో వెలువడిన డాటాటాప్ పరీక్షలో తొలిదశ పార్కిన్సన్స్ ఉన్న 800 మందిలో కొందరికి రోజుకు 2000 ఐయూ ఇచ్చారు. జబ్బు నడకలో తేడా రాలేదు. కాబట్టి పార్కిన్సన్స్‌కు విటమిన్ ఇ మీద ఆశ పెట్టుకోవద్దు. 1997లో ఒక మోస్తరు అల్జీమర్స్ ఉన్న 341 మంది మీద అదే డోసును రెండేళ్లు పరీక్షించారు. జ్ఞాపకశక్తి మార్కులు మెరుగుపడలేదు గానీ, స్నానం, భోజనం లాంటి పనులు చేసుకోలేని స్థితికి చేరడం కొంత ఆలస్యమైంది. 2005లో, ఇంకా అల్జీమర్స్ దాకా రాని తేలికపాటి మతిమరుపు ఉన్న 769 మందికి మూడేళ్లు ఇచ్చి చూస్తే ఫలితం సున్నా. 2014లో అమెరికా మాజీ సైనికుల ఆసుపత్రుల్లో, అప్పటికే డోనెపెజిల్ లాంటి మందు వాడుతున్న 613 మంది తేలిక, మధ్యస్థ అల్జీమర్స్ రోగుల మీద చేసిన పరీక్షలో, రోజూ 2000 ఐయూ తీసుకున్నవాళ్లలో రోజువారీ పనులు చేసుకునే శక్తి తగ్గే వేగం ఏడాదికి 19 శాతం తక్కువగా ఉంది. మొత్తమ్మీద ఆ దిగజారడం సుమారు ఆరు నెలలు ఆలస్యమైందన్నమాట. మెమాంటిన్ అనే ఇంకో అల్జీమర్స్ మందుతో కలిపి ఇచ్చిన గుంపులో మాత్రం ఆ మేలు కనబడలేదు. ఇప్పటికే రెండు మాత్రలూ రాయించుకున్నవాళ్లు డాక్టరుతో ఈ ముక్క తప్పక మాట్లాడాలి.

వీటన్నిటినీ కలిపి చదివితే తేలేది ఇది: విటమిన్ ఇ మతిమరుపును రానివ్వకుండా ఆపదు, పోయిన జ్ఞాపకాన్ని తిరిగి తేదు. అల్జీమర్స్ మొదటి, నడి దశల్లో మనిషి తన పనులు తాను చేసుకునే కాలాన్ని కొన్ని నెలలు పొడిగించవచ్చు. మంచం మీద పడ్డ మనిషి బట్ట మార్చే ఇంటికి ఆ కొన్ని నెలలు చిన్నవి కావు. అందుకే దీన్ని కొట్టిపారేయడం లేదు.

అయితే 2000 ఐయూ అంటే 400 గుళికలు రోజుకు ఐదు. మన పొలాల్లో పండే బుడ్డల్లో (వేరుశనగల్లో) 100 గ్రాములకు దాదాపు 8 మి.గ్రా. విటమిన్ ఇ ఉంటుంది. ఒక్క గుళిక మొత్తానికి సుమారు 5 కిలోల బుడ్డలు తినాలి, ఐదు గుళికలకు పాతిక కిలోలు. ఇది ఆహారపు మోతాదు కాదని, మందు మోతాదని అర్థమవడానికే ఈ లెక్క. పెద్దలకు రోజుకు 15 మి.గ్రా. చాలని అమెరికా ప్రమాణం, 1000 మి.గ్రా. దాటవద్దనీ అదే చెబుతుంది. ఈ డోసులో విటమిన్ ఇ రక్తం గడ్డకట్టే శక్తిని తగ్గిస్తుంది. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే అసిట్రోమ్, వార్ఫరిన్ వాడేవాళ్లు, ఆస్పిరిన్-క్లోపిడోగ్రెల్ జంట మాత్ర వేసుకునేవాళ్లు డాక్టరుకు చెప్పకుండా మొదలుపెడితే చిగుళ్ల నుంచి, ముక్కు నుంచి, ఒక్కోసారి మెదడులోనే రక్తస్రావం జరగొచ్చు. అసిట్రోమ్ మీద ఉన్నవాళ్లకు ఐఎన్ఆర్ (రక్తం ఎంతసేపట్లో గడ్డకడుతుందో చూసే పరీక్ష) ముందుగా ఒకసారి, మొదలుపెట్టాక మళ్లీ చూడాలి. ఇంకో సంగతి మగవాళ్లకు: 35 వేల మందికి పైగా మగవాళ్లతో జరిగిన సెలెక్ట్ పరీక్షలో రోజుకు 400 ఐయూ తీసుకున్నవాళ్లకు ప్రోస్టేట్ క్యాన్సర్ 17 శాతం ఎక్కువగా వచ్చిందని 2011లో ప్రకటించారు. అదే పరీక్షలో భాగంగా 7,540 మందిని మతిమరుపు కోసం గమనించి 2017లో ఫలితం చెప్పారు, విటమిన్ ఇ గానీ, అందులోనే పరీక్షించిన సెలీనియం అనే ఖనిజం గానీ డిమెన్షియాను ఆపలేదు. కాబట్టి జబ్బేమీ లేని అరవై ఏళ్ల మగమనిషి "ముందు జాగ్రత్త" అని రోజూ ఈ గుళిక వేసుకోవడం మేలు లేని పని, కీడు ఉండగల పని.

ఇది కొవ్వులో కరిగే విటమిన్. ఖాళీ కడుపుతో నీళ్లతో మింగితే చాలావరకు ఒంటికి పట్టదు. నూనె ఉన్న కూరతో భోజనం చేశాక వేయాలి. మింగడం కష్టమైనవాళ్లకు గుళికను సూదితో పొడిచి నూనెను సంగటిలో కలిపి ఇచ్చేవాళ్లున్నారు. అలా ఇస్తే గుళిక గోడకు సగం అంటుకుని పోతుంది, పైగా మింగలేని మనిషికి నూనె పొరబోతే ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం. మింగడం కష్టమైందంటే మందు మార్చడం కంటే ముందు డాక్టరుకు ఆ మాటే చెప్పాలి.

కలగూరగంప క్యాప్సూళ్లు

ఆ అరలో ఎక్కువ చోటు వీటిదే, ఎక్కువ ధరా వీటిదే. పెట్టె ముందు వైపు మెరుస్తుంది, అసలు సంగతి వెనక చిన్న అక్షరాల్లో ఉంటుంది. వెలుతురులో పట్టుకుని చదవండి. గ్రీన్ టీ సారం 10 మి.గ్రా., జింకో అనే చెట్టు ఆకుల సారం 10 మి.గ్రా., ద్రాక్ష గింజల సారం 15 మి.గ్రా., జిన్సెంగ్ 42.5 మి.గ్రా., ఆపైన జింక్, రాగి (కాపర్), సెలీనియం, మాంగనీస్, బీటా కెరోటిన్, బయోటిన్, చాలాసార్లు ఇనుము. ఇరవై ముప్పై పేర్లు. జింకో మీద పెద్ద పరీక్షలు జరిగింది రోజుకు 240 మి.గ్రా.తో. ఆ లెక్కన ఈ క్యాప్సూళ్లు రోజుకు 24 మింగాలి. ఆ డోసు కూడా ఏం చేసిందో కిందికి పోతే తెలుస్తుంది. పేరు పెట్టె మీద పడటానికి సరిపోయేంత వేస్తారు, పని చేయడానికి సరిపోయేంత వేయరు.

యాంటీఆక్సిడెంట్లను నిజంగా పెద్ద డోసులో కలిపి ఇచ్చి చూసిన పరీక్ష ఒకటుంది. 2012లో అల్జీమర్స్ రోగులకు 16 వారాల పాటు రోజూ విటమిన్ ఇ 800 ఐయూ, విటమిన్ సి 500 మి.గ్రా., ఆల్ఫా లిపోయిక్ ఆమ్లం 900 మి.గ్రా. కలిపి ఇచ్చారు. వెన్నునీటిలో ఆక్సిడేషన్ గుర్తు 19 శాతం తగ్గింది. అంటే మందు మెదడు దాకా చేరింది, చేయాల్సిన పని చేసింది. కానీ జ్ఞాపకశక్తి మార్కులు, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవాళ్ల కంటే వేగంగా పడిపోయాయి. పరీక్ష చిన్నదే, మూడు గుంపులూ కలిపి 78 మంది. అయినా "ఎంత ఎక్కువ వేస్తే అంత మంచిది" అనే మాటకు ఇంతకంటే సూటి జవాబు దొరకదు.

ఇక కీడు చేసే భాగాలు. పార్కిన్సన్స్‌కు సిండోపా లాంటి లెవోడోపా మాత్ర వాడేవాళ్లకు ఇనుము ఉన్న క్యాప్సూల్ పెద్ద శత్రువు. కడుపులో ఇనుము లెవోడోపాను పట్టుకుని రక్తంలోకి పోనివ్వదు. ఉదయం రెండూ కలిపి మింగి, "మాత్ర పని చేయడం లేదు, పదకొండింటికే చేతులు బిగుసుకుంటున్నాయి" అని డోసు పెంచుకునేవాళ్లకు అసలు కారణం ఒక్కోసారి ఆ బలం మాత్రే. ఇనుము తప్పనిసరైతే రెండింటికీ మధ్య కనీసం రెండు గంటలు ఎడం ఉండాలి. లెవోడోపాను భోజనానికి అరగంట ముందో, గంట ముందో వేసుకోవాలి. పప్పు, గుడ్డు, మాంసం ఎక్కువున్న భోజనంతో కలిస్తే అదీ మాత్ర దారికి అడ్డమే. నరాల బలానికని పొడిగా దొరికే దూలగొండి గింజల్లో లెవోడోపా సహజంగానే ఉంటుంది. సిండోపా వాడుతూ దాన్నీ తింటే డోసు తెలియకుండానే పెరిగి వాంతులు, లేచి నిలబడితే కళ్లు తిరగడం, ఒళ్లు మెలికలు తిరగడం, లేనిది కనబడటం మొదలవుతాయి.

బీడీ, సిగరెట్ తాగేవాళ్లు బీటా కెరోటిన్ ఉన్న పెట్టెను ముట్టుకోకూడదు. ఫిన్లండ్‌లో 29 వేల మంది పొగతాగేవాళ్లకు రోజుకు 20 మి.గ్రా. ఇచ్చి చూస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం పెరిగిందని 1994లో తేలింది. బయోటిన్ వల్ల మెదడుకు హాని లేదు గానీ థైరాయిడ్ పరీక్షను తప్పు చూపిస్తుంది. టీఎస్‌హెచ్ ఉన్నదానికంటే తక్కువ, టీ4 ఉన్నదానికంటే ఎక్కువ వచ్చి లేని జబ్బుకు మందు మొదలవుతుంది. రక్తం ఇవ్వడానికి కనీసం రెండు రోజుల ముందు ఆపాలి. రాగి గురించి వయసులో ఉన్న పిల్లల తల్లిదండ్రులు వినాలి. ముప్పై ఏళ్లలోపు మనిషికి వణుకు, మాట తడబాటు, చదువులో వెనకబడటం, వాటితో పాటు కామెర్లు ఎప్పుడో వచ్చి పోయి ఉంటే విల్సన్ జబ్బేమో చూడాలి. అది రాగి పేరుకుని వచ్చేది. సెరులోప్లాస్మిన్ రక్తపరీక్ష, 24 గంటల మూత్రంలో రాగి, స్లిట్ ల్యాంప్‌తో కంటి పరీక్ష చేస్తే బయటపడుతుంది, బయటపడితే మందుంది. అలాంటి బిడ్డకు "నరాల బలహీనత" అని రాగి ఉన్న యాంటీఆక్సిడెంట్ క్యాప్సూల్ ఇవ్వడం జబ్బుకు మేత వేయడమే.

జింకో, కోక్యూ10, పసుపు, గ్లూటాథియోన్

జింకో 120 మి.గ్రా. చొప్పున రోజుకు రెండుసార్లు, 3,069 మంది వృద్ధులకు ఆరేళ్లు ఇచ్చి 2008లో ఫలితం ప్రకటించారు. డిమెన్షియా తగ్గలేదు. ఆస్పిరిన్, అసిట్రోమ్ వాడేవాళ్లకు రక్తస్రావం ముప్పు అదనం. వదిలేయండి.

కోక్యూ10 (కణాల్లో శక్తి తయారీకి సాయపడే పదార్థం) ఖరీదైన నిరాశ. పార్కిన్సన్స్ రోగులు 600 మందికి రోజుకు 1200, 2400 మి.గ్రా. ఇచ్చి చూసి, ఫలితం రాదని తేలి మధ్యలోనే ఆపేశారు, 2014లో ప్రచురించారు. హంటింగ్టన్స్ అనే వంశపారంపర్య మెదడు జబ్బుకు 2400 మి.గ్రా.తో చేసిన పరీక్షదీ అదే గతి. షాపులో దొరికేది సాధారణంగా 100 మి.గ్రా. గుళిక. 1200 కావాలంటే రోజుకు పన్నెండు, 30 గుళికల పెట్టె రెండున్నర రోజుల్లో ఖాళీ. పెట్టె మీది ధరను పన్నెండుతో గుణిస్తే నెల ఖర్చు. పని చేయదని తేలిన డోసుకే అంత.

పసుపు మన సొంత పంట, మైదుకూరు పసుపుకు పేరుంది. పసుపులో అసలు పదార్థమని చెప్పే కర్క్యుమిన్ బరువులో మూడు శాతం అటూ ఇటూ ఉంటుంది. పేగులో అదే సరిగా ఒంటబట్టదు, ఒంటబట్టిన కాస్తనూ కాలేయం వెంటనే మార్చేస్తుంది. అల్జీమర్స్ రోగులకు రోజుకు 2, 4 గ్రాముల కర్క్యుమిన్ ఇచ్చిన 24 వారాల పరీక్షలో రక్తంలో దాని జాడే తక్కువ, మేలూ కనబడలేదు. అందుకని కంపెనీలు మిరియాల నుంచి తీసిన పైపరిన్ కలుపుతున్నాయి. అది కర్క్యుమిన్‌తో పాటు వేరే మందుల స్థాయినీ పెంచుతుంది. ఫిట్స్‌కు ఎప్టోయిన్ వాడేవాళ్లకు ఆ మందు రక్తంలో పెరిగి తూలడం మొదలవుతుంది. పైపరిన్ కలిపిన పసుపు గుళికలతో కాలేయం దెబ్బతిన్న కేసులు వేరే దేశాల్లో నమోదయ్యాయి. కూరలో పసుపుతో ఈ భయాలేవీ లేవు. కూరలో పసుపు వేసుకోండి, గుళిక వద్దు.

గ్లూటాథియోన్ మాత్రను కడుపు చాలావరకు విరగ్గొట్టేస్తుంది. సెలైన్‌లో ఎక్కించినా, పార్కిన్సన్స్ మీద చేసిన చిన్న పరీక్షలో చెప్పుకోదగ్గ మేలు రాలేదు. తెల్లబడటానికి డ్రిప్ పెట్టే క్లినిక్కుల్లో "మెదడుకూ మంచిది" అని చెబితే నమ్మవద్దు.

ఎడరవోన్: అరలో ఉండదు, ఫ్రీ రాడికల్ మందే

మోటార్ న్యూరాన్ జబ్బుకు జపాన్ 2015లో, అమెరికా 2017లో అనుమతించిన ఇంజెక్షన్ ఇది. రోజు డోసు 60 మి.గ్రా., గంటసేపు సెలైన్‌లో ఎక్కిస్తారు. మొదటి విడత 14 రోజులు వరసగా, ఆపై 14 రోజులు విరామం, తర్వాతి విడతల్లో 14 రోజుల్లో 10 రోజులు. అనుమతికి ఆధారమైన పరీక్షలో 137 మంది ఉన్నారు. రోగి తన పనులు చేసుకునే శక్తిని చూసే 48 మార్కుల కొలతలో ఆరు నెలల్లో ఉత్తుత్తి మందు గుంపు 7.5 మార్కులు పోగొట్టుకుంటే మందు గుంపు 5 పోగొట్టుకుంది. కానీ వాళ్లంతా జబ్బు మొదలై రెండేళ్లు దాటనివాళ్లు, ఊపిరి బలంగా ఉన్నవాళ్లు. ఆ తర్వాత జర్మనీలో మామూలు రోగుల మీద గమనిస్తే తేడా కనబడలేదు. యూరప్‌లో అనుమతి దరఖాస్తును కంపెనీయే 2019లో వెనక్కి తీసుకుంది. ఇంటి పొలం అమ్మి మొదలుపెట్టే ముందు ఈ రెండు వైపులూ న్యూరాలజిస్టుతో కూర్చుని మాట్లాడాలి. ఇంజెక్షన్‌లో సోడియం బైసల్ఫైట్ ఉంటుంది, ఉబ్బసం ఉన్నవాళ్లకు పడకపోవచ్చు. మొదటి డోసు ఆసుపత్రిలోనే ఎక్కించుకోవాలి.

విటమిన్ ఇ నిజంగా మందయ్యే చోటు

ఇది మన వైపు ప్రత్యేకంగా తెలియాల్సింది, ఎందుకంటే ఇక్కడ మేనరికాలు ఇంకా ఉన్నాయి. ఇరవై ఏళ్లలోపు నడకలో తూలడం, చేతులు తడబడటం, మోకాలి రిఫ్లెక్స్ పోవడం చూస్తే డాక్టర్లు మొదట ఫ్రీడ్రిక్స్ అటాక్సియా అనే వంశపారంపర్య నరాల జబ్బు అనుకుంటారు. అచ్చం అలాగే కనిపించే ఇంకో జబ్బుంది. అందులో ఆల్ఫా టోకోఫెరాల్‌ను (విటమిన్ ఇని) కాలేయం నుంచి రక్తంలోకి పంపే ప్రొటీన్ జన్యువు తల్లి వైపు, తండ్రి వైపు రెండు కాపీలూ చెడి ఉంటాయి. తిండిలో ఎంతున్నా రక్తంలో విటమిన్ ఇ నిలవదు. రక్తంలో విటమిన్ ఇ స్థాయి చూస్తే తెలిసిపోతుంది. రోజుకు 800 నుంచి 1500 మి.గ్రా. జీవితాంతం ఇస్తే జబ్బు ముదరడం ఆగుతుంది, తొందరగా మొదలుపెడితే కొంత వెనక్కి కూడా వస్తుంది. మేనరికపు సంబంధంలో పుట్టిన బిడ్డ తూలుతోందంటే ఆ ఒక్క రక్తపరీక్ష చేయమని అడగండి. అసలు ఫ్రీడ్రిక్స్‌కు 2023లో అమెరికా అనుమతించిన ఒమావెలాక్సోలోన్ రాడికల్‌ను తానే పోయి పట్టుకోదు, కణం సొంత రక్షణ ఎంజైమ్‌లను నడిపే ఎన్ఆర్ఎఫ్2 అనే స్విచ్‌ను మేల్కొలుపుతుంది. ఈ రంగంలో ముందుకు పోయే దారి ఇదేనని మా అభిప్రాయం.

పెట్టె చదవడం, దాచడం

14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు, "నాట్ ఫర్ మెడిసినల్ యూజ్" అనే మాట ఉంటే అది చట్టం లెక్కలో ఆహారం, మందు కాదు. జబ్బు నయం చేస్తుందని చెప్పే హక్కు దానికి లేదు. మందు లైసెన్సు నంబరు ఉంటే అది మందు. రెండూ ఒకే అరలో పక్కపక్కనే ఉంటాయి, షాపాయన తేడా చెప్పడు. గోధుమరంగు గుర్తుంటే గుళిక తోలు జంతువుల జెలటిన్‌తో చేసింది, శాకాహారులు చూసుకోవాలి. పెట్టె మీద 30 డిగ్రీలు దాటవద్దని రాసి ఉంటుంది. అనంతపురంలో వేసవి పగలు 40 దాటుతుంది. కిటికీ పక్క అల్మారాలో, బైకు డిక్కీలో ఉంచితే జెలటిన్ మెత్తబడి గుళికలు ఒకదానికొకటి అంటుకుంటాయి. విటమిన్ సి ఉన్న మాత్ర మీద గోధుమ మచ్చలు వస్తే అది అప్పటికే ఆక్సిడైజ్ అయినట్టు. చేపనూనె కలిసిన గుళికైతే ఒకటి కోసి వాసన చూడండి. కుళ్లిన చేప వాసన గుప్పుమంటే ఆ నూనె చెడినట్టే, ఎక్స్‌పైరీ ఇంకా ఉన్నా పారేయాలి. బిల్లు, బ్యాచ్ నంబరు ఉంచుకోండి. బిల్లు ఇవ్వని చోట కొనవద్దు.

ఆ డబ్బు దేనికి పెట్టాలి

జేజి మరిచిపోతోందంటే ఈ పెట్టె కంటే ముందు కొనాల్సినవి రక్తపరీక్షలు. బీ12, టీఎస్‌హెచ్, షుగరు, సోడియం. షుగరుకు మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడినవాళ్లలో, మాంసం, గుడ్డు ముట్టనివాళ్లలో బీ12 తగ్గి మతి మందగిస్తుంది, బీ12 ఇస్తే చాలావరకు తేరుకుంటారు. ఇటీవల జారిపడి తల తగిలి ఉంటే సీటీ స్కాన్. వణుకుకు పేసిటేన్ లాంటి ట్రైహెక్సీఫెనిడిల్ మాత్ర వాడుతుంటే దానివల్లే మతి చెదిరి ఉండొచ్చు, వృద్ధుల్లో ఇది తరచూ చూసేదే. చెవి వినబడకపోతే వినికిడి యంత్రం. లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన కమిషన్ 2024లో చెప్పిన లెక్క ప్రకారం బీపీ, షుగరు, కొలెస్ట్రాల్, పొగ, వినికిడి లోపం, ఒంటరితనం లాంటి 14 కారణాలను సరిచేస్తే డిమెన్షియాలో 45 శాతం దాకా తప్పించవచ్చు, లేదా వెనక్కి నెట్టవచ్చు. ఇందులో ఏ యాంటీఆక్సిడెంట్ మాత్రా లేదు. డోనెపెజిల్, లెవోడోపా లాంటి అసలు మందులు జన ఔషధి కేంద్రంలో ఉన్నాయేమో ముందు అడగండి, నెల ఖర్చు బాగా తగ్గుతుంది.

తిండి విషయంలో కూడా నిజమే చెప్పాలి. ఆకుకూరలు, గింజలు ఎక్కువుండే మైండ్ డైట్‌ను 604 మంది మీద మూడేళ్లు పరీక్షించి 2023లో చెప్పిన ఫలితం, పోల్చిన మామూలు ఆహారం కంటే మెరుగు కాదని. అయినా గుప్పెడు బుడ్డలు, మునగాకు, చీనీకాయ, దానిమ్మ, ఉసిరి రోజూ తినడం గుండెకూ షుగరుకూ మంచిదే. అయితే మునగాకు లాంటి ఆకుకూరల్లోని విటమిన్ కె అసిట్రోమ్ పనిని తగ్గించగలదు, అది వాడేవాళ్లు డాక్టరును అడిగి తినాలి. బుడ్డలు మాత్రం బూజు పట్టనివి చూసుకోండి.

ఇప్పటికే ఏదో పెట్టె వాడుతూ ఉంటే, తదుపరి న్యూరాలజీ ఓపీకి పోయేటప్పుడు పెట్టెను చేత్తో పట్టుకుపోండి. "ఏదో బలం మాత్ర" అంటే డాక్టరుకు ఏమీ తెలియదు, వెనక చిన్న అక్షరాలు చదివితేనే తెలుస్తుంది. మాత్ర మొదలయ్యాక ఒంటి మీద దద్దుర్లు, పచ్చకామెర్లు, ఆగని రక్తం కనిపిస్తే ఆపి ఆసుపత్రికి పోవాలి, ఆ తర్వాత మందుల దుష్ప్రభావాల ఉచిత నంబరు 1800-180-3024కు చెప్పొచ్చు. కంటి ఆపరేషన్, పంటి తీత, తుంటి ఆపరేషన్ ఏది ఉన్నా జింకో, పెద్ద డోసు విటమిన్ ఇ వాడుతున్న సంగతి తేదీ ఖాయం చేసేటప్పుడే చెప్పండి. ఎన్నాళ్ల ముందు ఆపాలో మత్తు డాక్టరు చెబుతారు. ఆపరేషన్ రోజు పొద్దున చెబితే ఆపరేషన్ వాయిదా పడుతుంది.